కోటి డోసుల టెండర్.. ఒక్క బిడ్ కూడా రాలేదు! ప్రభుత్వ కొనుగోళ్లలో బేరం ఎప్పుడు తప్పు? ఎప్పుడు తప్పనిసరి?

2021 మే నెల. కరోనా సెకండ్ వేవ్ ఊపేస్తోంది. టీకా కేంద్రాల ముందు 'నో స్టాక్' బోర్డులు. 18-44 ఏళ్ల వారికి టీకాలు రాష్ట్రాలే కొనుక్కోవాలని కేంద్రం చెప్పేసింది. దీంతో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ గ్లోబల్ టెండర్లు పిలిచాయి. ఒక్కో రాష్ట్రం అడిగింది కోటి డోసులు. జూన్ మొదటి వారంలో గడువు ముగిసింది. వచ్చిన బిడ్లు ఎన్నో తెలుసా? రెండు చోట్లా సున్నా!

డబ్బు లేక కాదు. కట్టడానికి రాష్ట్రాలు సిద్ధంగానే ఉన్నాయి. మరి ఎందుకు రాలేదు?

ఇదే టీకా కథలో ఇంకో లెక్క ఉంది. అదే ఏడాది జనవరిలో కేంద్రం కంపెనీలతో నేరుగా కూర్చుని మాట్లాడింది. సీరమ్ సంస్థ నుంచి కోటీ 10 లక్షల కొవిషీల్డ్ డోసులు, పన్ను కాకుండా డోసు రూ.200 చొప్పున కొంది. మన హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెక్ కొవాగ్జిన్ ధర డోసుకు రూ.295. అయితే 55 లక్షల డోసుల్లో 16.5 లక్షలు ఉచితంగా ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుంది. అంటే సగటున డోసు రూ.206 పడింది. ఏప్రిల్‌లో రాష్ట్రాలకు కంపెనీలు ప్రకటించిన రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. కొవిషీల్డ్ రూ.400, కొవాగ్జిన్ రూ.600. విమర్శలు వచ్చాక వాటిని రూ.300, రూ.400కి తగ్గించారు.

అదే సీసా, అదే మందు. ఒకరికి రూ.206, ఇంకొకరికి రూ.600. తేడా ఎక్కడుంది? కొనేవాడు ఎవరు, ఎంత కొంటాడు, ఎలా మాట్లాడాడు.. అక్కడ ఉంది.

టెండర్ ఎందుకు పనిచేయలేదు?

టెండర్ అనేది ఒక పరీక్ష పేపర్ లాంటిది. ప్రశ్నలు ప్రభుత్వమే రాస్తుంది. కంపెనీలు జవాబు రాసి, సీల్ వేసి ఇవ్వాలి. 'నేను వస్తాను, కానీ ఈ ఒక్క షరతు మార్చండి' అని చెప్పే చోటు అందులో ఉండదు.

విదేశీ టీకా కంపెనీల అవసరాలు వేరే ఉన్నాయి. దేశంలో వాడాలంటే ముందు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. టీకా వల్ల ఎవరికైనా ఇబ్బంది వస్తే కోర్టు కేసుల నుంచి రక్షణ కావాలని కొన్ని కంపెనీలు పట్టుబట్టాయి. ఈ రెండూ రాష్ట్రాల చేతిలో లేవు. పైగా అప్పటికే ఆ కంపెనీలు ధనిక దేశాల నుంచి నెలల ముందే ఆర్డర్లు తీసేసుకున్నాయి. క్యూలో చివర నిలబడ్డ రాష్ట్రం ఎంత పక్కాగా టెండర్ పత్రం తయారు చేసినా లాభం ఏముంది? ఫైజర్, మోడర్నా అయితే కేంద్రంతోనే మాట్లాడతామని రాష్ట్రాలకు తేల్చి చెప్పాయి.

2021 మే 31న సుప్రీంకోర్టు కూడా 18-44 ఏళ్ల వారి టీకా విధానం పైకి చూస్తే ఏకపక్షంగా, హేతుబద్ధత లేకుండా ఉందని తప్పుబట్టింది. జూన్ 7న ప్రధాని మోదీ కొత్త విధానం ప్రకటించారు. 75 శాతం టీకాలు కేంద్రమే కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇస్తుందని చెప్పారు. టెండర్ల కథ అక్కడితో ముగిసింది.

అయితే బేరమే బెస్టా? ఆగండి. అంత సింపుల్ కాదు.

ఎల్ఈడీ బల్బు చెప్పే కథ వేరు

కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ 2014 మొదట్లో ఎల్ఈడీ బల్బులు కొన్నప్పుడు ఒక్కోటి రూ.310 పడింది. మూడేళ్లలో అదే బల్బు రూ.38కి వచ్చింది. ఉజాలా పథకంలో మన ఇళ్లకు చౌకగా వచ్చిన బల్బులు ఇవే. ఏపీలో మొదట్లోనే పెద్ద ఎత్తున పంచారు కూడా.

ఇక్కడ గదిలో కూర్చుని ఎవరూ గీచి గీచి బేరం ఆడాల్సిన పని పడలేదు. ఎందుకంటే బల్బు ఎలా ఉండాలో కాగితం మీద కచ్చితంగా రాయొచ్చు. ఎన్ని వాట్లు, ఎంత వెలుగు, ఎన్నాళ్ల గ్యారంటీ.. అంతే. అమ్మేవాళ్లు చాలామంది. ఆర్డర్ కోట్లలో. ఇలాంటి చోట ఓపెన్ టెండర్‌ను మించింది లేదు. పోటీయే బేరం ఆడి పెడుతుంది.

బియ్యం, సిమెంటు, స్కూల్ బ్యాగులు, ఆస్పత్రి దుప్పట్లు.. ఇవన్నీ బల్బు లాంటివే. ఇలాంటి వాటికి కూడా 'చర్చలు జరిపాం' అని ఏ శాఖైనా చెబితే కాస్త అనుమానించాల్సిందే.

బేరం అంటే నిఘా సంఘానికి ఎందుకు భయం?

మన దేశంలో టెండర్ తెరిచాక ధర మీద మాట్లాడటాన్ని రూల్స్ దాదాపు నిషేధిస్తాయి. కేంద్ర విజిలెన్స్ కమిషన్.. అదే సీవీసీ.. 1998 నవంబర్‌లోనే ఈ గొళ్లెం పెట్టింది. అప్పటి కమిషనర్ ఎన్.విఠల్. టెండర్ తర్వాత బేరాలు అవినీతికి దారి తీస్తున్నాయని, అందరికంటే తక్కువ కోట్ చేసిన ఎల్-1తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడొద్దని ఆదేశించారు. 2007 మార్చి 3 నాటి సర్క్యులర్‌లో ఇంకా బిగించారు. ఎల్-1తో కూడా మామూలుగా బేరం వద్దు, ప్రత్యేక పరిస్థితి ఉంటేనే అని చెప్పారు.

ఎందుకింత కఠినం? ఒక లెక్క చూద్దాం. ఊరికే ఉదాహరణకు. మూడు కంపెనీలు రూ.90 కోట్లు, రూ.94 కోట్లు, రూ.97 కోట్లు కోట్ చేశాయి అనుకోండి. సీల్ తెరిచాక అందరి రేట్లూ బయటపడ్డాయి. ఇప్పుడు అధికారి మూడో కంపెనీని పిలిచి 'కాస్త తగ్గించుకో' అంటే ఏమవుతుంది? అది రూ.89.5 కోట్లకు దిగి పని కొట్టేస్తుంది. నిజాయితీగా మొదటే తక్కువ వేసినవాడు రోడ్డున పడ్డాడు. మూడో కంపెనీకి ఆ పిలుపు ఊరికే వచ్చిందంటారా?

ఇంకో ప్రమాదం ఉంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. తర్వాత బేరం ఉంటుందని ముందే తెలిస్తే ఎవరూ అసలు రేటు వేయరు. హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్‌కు వెళ్లినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. రూ.300 చీరకు రూ.700 చెబుతారు. మనం రూ.400కి తెచ్చి ఏదో గెలిచామనుకుంటాం. ప్రభుత్వ కమిటీ కూడా అంతే. 'చర్చలు జరిపి రూ.5 కోట్లు ఆదా చేశాం' అని ప్రెస్‌నోట్ ఇస్తుంది. ఆ రూ.5 కోట్లు కాంట్రాక్టర్ ముందే కలిపి పెట్టుకున్నాడేమో ఎవరికి తెలుసు?

అందుకే కేంద్ర సాధారణ ఆర్థిక నిబంధనలు-2017 కూడా బిడ్లు తెరిచాక బేరాన్ని గట్టిగా నిరుత్సాహపరచాలని చెబుతున్నాయి. తప్పనిసరైతే అన్ని అర్హతలూ ఉన్న ఎల్-1తో మాత్రమే.

సీవీసీ ఇచ్చిన మినహాయింపులు మూడు. ఒకే కంపెనీ దగ్గర దొరికే పేటెంట్ తరహా వస్తువులు. అమ్మేవాళ్లు చాలా తక్కువ ఉన్న వస్తువులు. మూడోది మన వాళ్లకు బాగా తెలిసిందే.. కాంట్రాక్టర్లంతా రింగ్ అయ్యారన్న అనుమానం ఉన్నప్పుడు. ఈ మూడింట్లో ఏదైనా సరే, ఎందుకు బేరం ఆడుతున్నామో ఫైల్ మీద రాయాలి. టీకా మొదటి రెండు కోవలకూ సరిపోతుంది. ఎల్ఈడీ బల్బు దేనికీ సరిపోదు.

ఇక ఎల్-1 వెనక్కి తగ్గితే? రెండోవాడిని పిలవడం కుదరదు. మళ్లీ టెండర్ పెట్టాల్సిందే.

బేరం వేరు.. చర్చ వేరు!

అసలు విషయం ఇక్కడుంది. 'రేటు తగ్గించు' అనడం బేరం. 'నాకు కావాల్సింది ఇది, దీన్ని ఎలా చేయొచ్చో చెప్పండి' అనడం చర్చ. రెండోది ధర చెప్పకముందే జరుగుతుంది. అందుకే దాని వల్ల మోసం జరిగే అవకాశం తక్కువ.

ఉదాహరణకు ఒక జిల్లా ఆస్పత్రిలో రోగుల రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఎలాంటి సాఫ్ట్‌వేర్ కావాలో సూపరింటెండెంట్‌కు తెలియదు. తెలియకపోవడం ఆయన తప్పు కాదు, అది ఆయన పని కాదు. అయినా టెండర్ పత్రం రాయాలి. ఏం చేస్తారు? పక్క జిల్లా పత్రం కాపీ కొడతారు. లేదంటే ఏదో ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి 'సార్, నేను రాసిస్తా' అంటాడు. ఇంకేముంది.. అతని సాఫ్ట్‌వేర్‌కు తప్ప ఇంకెవరికీ సరిపోని షరతులు అందులోకి వచ్చేస్తాయి. దొడ్డిదారి చర్చ అంటే ఇదే. చర్చ లేదనుకుంటాం, కానీ జరుగుతూనే ఉంటుంది. ఒక్కరితో మాత్రమే.

దీనికి మందు మన రూల్ బుక్‌లోనే ఉంది. ఆర్థిక నిబంధనల్లో 164వ రూల్. దాని పేరు రెండు దశల బిడ్డింగ్. ఏం కావాలో వివరంగా రాయలేని చోట, టెక్నాలజీ వేగంగా మారే చోట వాడొచ్చు. మొదటి దశలో కంపెనీలు ధర లేకుండా కేవలం పని ఎలా చేస్తాయో రాసి ఇస్తాయి. కమిటీ వాళ్లను పిలిచి మాట్లాడొచ్చు. కానీ ఒకరితో మాట్లాడితే అందరికీ ఆ అవకాశం ఇవ్వాలి. ఆ చర్చల్లో నేర్చుకున్నదాన్ని బట్టి స్పెసిఫికేషన్లు మార్చొచ్చు, కొత్తవి చేర్చొచ్చు, కొన్ని తీసేయొచ్చు. కొనే వస్తువు మౌలిక స్వరూపం మాత్రం మార్చకూడదు. రెండో దశలో అందరికీ ఒకే కొత్త పత్రం. అప్పుడే ధరతో ఫైనల్ బిడ్. మారిన షరతులు నచ్చని కంపెనీ డిపాజిట్ పోగొట్టుకోకుండానే తప్పుకోవచ్చు.

టెండర్ నోటీసుల్లో తరచూ కనిపించే 'రెండు కవర్ల' పద్ధతి ఇది కాదు. అందులో టెక్నికల్, ఫైనాన్షియల్ కవర్లు రెండూ ఒకేసారి ఇచ్చేస్తారు. మధ్యలో మాట్లాడుకోవడం ఉండదు. ఇక ప్రీ-బిడ్ మీటింగ్ సంగతి సరేసరి. ఓ హాల్లో కంపెనీలన్నీ కూర్చుంటాయి. పోటీదారు ముందు తన ఐడియా ఎవరు బయటపెడతారు? గడువు పెంచండి, టర్నోవర్ షరతు తగ్గించండి అని అడిగి టీ తాగి వెళ్లిపోతారు.

యూరప్‌లో ఎలా చేస్తారు?

యూరోపియన్ యూనియన్ 2004లో 'పోటీ సంభాషణ' అనే పద్ధతిని చట్టంలోకి తెచ్చింది. 2014 నాటి కొత్త చట్టంలో దాంతో పాటు 'చర్చలతో కూడిన పోటీ పద్ధతి' వాడకాన్ని కూడా సులువు చేసింది. ఆస్పత్రులు, రైలు ప్రాజెక్టులు, పెద్ద ఐటీ వ్యవస్థల లాంటి చిక్కుముడి పనుల కోసం ఇవి.

పోటీ సంభాషణలో కనీసం ముగ్గురిని పిలవాలి. ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడతారు. ఒకరి ఐడియా ఇంకొకరికి చెప్పకూడదు. చెప్పాలంటే ఫలానా విషయం చెబుతామని పేర్కొని ఆ కంపెనీ ఒప్పుకోలు తీసుకోవాలి. దశలవారీగా కొందరిని తప్పించొచ్చు, కానీ ఏ కొలతతో తప్పిస్తారో ముందే ప్రకటించాలి. ఆ కొలత మధ్యలో మారకూడదు. చర్చ ముగిసిందని ప్రకటించాకే ఫైనల్ బిడ్లు. ఆ తర్వాత ముఖ్యమైన విషయాలేవీ మార్చడానికి వీల్లేదు. నెలల తరబడి చర్చలకు వచ్చే కంపెనీలకు ఖర్చుల కింద డబ్బు ఇవ్వడానికి కూడా వీలుంది. మన దగ్గర ఈ మాట అంటే ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా అన్నది వేరే సంగతి!

బ్రిటన్ అయితే ఇంకో అడుగు వేసింది. 2025 ఫిబ్రవరి 24 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కొనుగోళ్ల చట్టంలో ఓపెన్ టెండర్ కాకుండా మిగతా పోటీ పద్ధతులన్నీ కలిపి ఒక్కటి చేసింది. ఎన్ని దశలు, ఎక్కడ మాట్లాడాలి అన్నది కొనే సంస్థే డిజైన్ చేసుకోవచ్చు. కానీ ముందే నోటీసులో చెప్పాలి.

రూ.30 వేల కోట్లు ఇస్తామన్న బిడ్

చర్చ లేకుండా అంకె మాత్రమే చూస్తే ఏం జరుగుతుందో హైదరాబాద్‌కు బాగా తెలుసు. 2008లో మెట్రో బిడ్లు తెరిచినప్పుడు అందరూ షాకయ్యారు. మామూలుగా మెట్రో కట్టే కంపెనీ ప్రభుత్వాన్నే సాయం అడుగుతుంది. కానీ మేటాస్ నేతృత్వంలోని కన్సార్షియం రివర్స్‌లో వచ్చింది. సాయం అక్కర్లేదు, ఒప్పంద కాలంలో మేమే రూ.30,311 కోట్లు ఇస్తామంది!

లెక్క ప్రకారం అదే బెస్ట్ బిడ్. టిక్కెట్ల మీద అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అప్పటి ఢిల్లీ మెట్రో చీఫ్ శ్రీధరన్ ఇదే తరహా అనుమానంతో ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. ప్రాజెక్టుతో పాటు ఇచ్చే 296 ఎకరాల విలువైన భూమి మీద అభ్యంతరం చెప్పారు. అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీదే మండిపడింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. మేటాస్ కుప్పకూలింది. కాంట్రాక్ట్ రద్దయింది. 2010లో మళ్లీ బిడ్లు పిలిస్తే ఎల్అండ్‌టీ రూ.1,458 కోట్ల సాయం అడిగి పని దక్కించుకుంది. ఇస్తామన్న రూ.30 వేల కోట్లు ఎక్కడ.. అడిగిన రూ.1,458 కోట్లు ఎక్కడ!

'ఈ డబ్బు ఎలా తెస్తారో నెల వారీగా చూపించండి' అని టేబుల్ మీద అడిగే దశ ఉంటే ఆ బిడ్ నిలబడేదా? రెండేళ్లు వృథా అయ్యేవా? శాటిలైట్ నుంచి చూసినా కనిపించే ట్రాఫిక్‌లో ఆ రెండేళ్లు తిరిగింది మాత్రం నగర జనమే.

మాట్లాడటానికీ ఒక టైమ్ ఉంది

చర్చ ఎప్పుడు జరిగిందన్నది కూడా ముఖ్యం. రఫేల్ విషయమే చూడండి. 126 యుద్ధ విమానాల కోసం 2007లో టెండర్ వేశారు. 2012 జనవరిలో డసో ఎల్-1గా తేలింది. ఆ తర్వాత మొదలయ్యాయి అసలు చర్చలు. 108 విమానాలు ఇక్కడ హెచ్ఏఎల్ తయారు చేయాలి. వాటి నాణ్యతకు బాధ్యత ఎవరిది? అక్కడ పీటముడి పడింది. మూడేళ్లు గడిచినా తెగలేదు. అప్పటికే పోటీదారులు ఇంటికెళ్లిపోయారు. ఎదురుగా ఒక్కరే ఉన్నప్పుడు మన చేతిలో ఏం మిగులుతుంది? చివరికి ఆ టెండర్ పక్కకు పోయింది. 2016 సెప్టెంబర్‌లో రెండు ప్రభుత్వాల మధ్య 36 విమానాలకు ఒప్పందం కుదిరింది. బాధ్యత ఎవరిదన్న ప్రశ్న పోటీ నడుస్తున్నప్పుడే అందరితో తేల్చుకుని ఉంటే అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

ఏపీలో 2019లో వచ్చిన రివర్స్ టెండరింగ్ ఇంకో రకం. ఇందులో మాటలు లేవు, అంకెలు కిందకి దిగడమే. పోలవరం హెడ్‌వర్క్స్, జల విద్యుత్ పనులకు రూ.628 కోట్లు మిగిలాయని అప్పటి ప్రభుత్వం చెప్పింది. అక్కడ బిడ్ వేసింది ఒకే సంస్థ అని ప్రతిపక్షం ఎత్తి చూపింది. 2024లో ప్రభుత్వం మారాక ఈ పద్ధతిని ఎత్తేశారు.

రికార్డు లేకపోతే..

చర్చలకు పెద్ద శత్రువు తలుపు మూసిన గది. ఈ విషయంలో యూరప్ కూడా తక్కువేం తినలేదు. 2021 మేలో ఈయూ 180 కోట్ల ఫైజర్ డోసుల వరకు కొనే భారీ ఒప్పందం చేసుకుంది. దాని ముందస్తు చర్చల్లో కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లేయన్ నేరుగా పాల్గొన్నారు. మిగతా ఒప్పందాల్లో పాటించిన పద్ధతికి ఇది భిన్నమని, ఆ చర్చల రికార్డులు అడిగినా ఇవ్వలేదని యూరోపియన్ ఆడిటర్లు 2022లో రిపోర్టు ఇచ్చారు. ఫైజర్ సీఈవోతో ఆమె ఫోన్ మెసేజ్‌లు ఇవ్వాలని న్యూయార్క్ టైమ్స్ అడిగితే తమ దగ్గర లేవని కమిషన్ చెప్పింది. 2025 మే 14న ఈయూ జనరల్ కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఎందుకు లేవో నమ్మదగ్గ వివరణ ఇవ్వలేదని తప్పుబట్టింది.

ఇక్కడ కూడా అంతే. 'చర్చలు జరిపి నామినేషన్ మీద పని అప్పగించారు' అన్న వార్త కనిపిస్తే ముందు చూడాల్సింది ధర కాదు. ఎంతమందితో మాట్లాడారు? ధర తెరవక ముందా, తర్వాతా? టెండర్ పెట్టకుండా ఎందుకు వెళ్లారో ఫైల్ మీద రాశారా? మీటింగ్ మినిట్స్ ఉన్నాయా? ఈ వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. వ్యాపార రహస్యం అని 8(1)(డి) సెక్షన్ చూపించి తిరస్కరించే అవకాశం అధికారులకు ఉంది. అయితే విస్తృత ప్రజా ప్రయోజనం ఉందనిపిస్తే ఇవ్వాలని అదే సెక్షన్ చెబుతుంది. తిరస్కరిస్తే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు చేసుకోవచ్చు.